‘వద్దు సార్’ అనగలిగినవాడే అంగరక్షకుడు

మన సంఘం వార్షిక సంచికల్లో యుద్ధాల గురించి, రెజిమెంట్ల గురించి, పతకాలు తెచ్చుకున్న మన తెలుగు జవాన్ల గురించి చాలామంది రాస్తూ వస్తున్నారు. అవన్నీ రాయదగినవే. ఈసారి నేను కొంచెం వేరే కోవకు చెందిన సిపాయి గురించి నాలుగు మాటలు రాద్దామనుకున్నాను. సరిహద్దులో శత్రువు ఏ దిక్కున ఉన్నాడో మనకు తెలుసు. దేశాధినేత పక్కన నిలబడేవాడికి శత్రువు ఎవరో తెలియదు. పూలదండ పట్టుకుని వచ్చేవాడు కావచ్చు, తన పక్కనే యూనిఫాంలో నిలబడినవాడూ కావచ్చు. ఆ అంగరక్షకుడి చరిత్రే ఈ వ్యాసం.

మన పాఠకుల్లో వి.ఐ.పి. విజిట్ చూడనివారు ఉండరు. రాళ్లకు సున్నం వేయడం, గడ్డి కోయడం, వారం ముందు నుంచి రిహార్సల్సు, మూడు రకాల పాసులు. నేనూ సర్వీసులో ఉండగా అలాంటి బందోబస్తుల్లో గేటు దగ్గర గంటలకొద్దీ నిలబడినవాడినే. ఇదంతా ఆర్భాటం అని అప్పట్లో అనుకునేవాళ్లం. రిటైరయ్యాక తీరిగ్గా ఈ చరిత్ర చదువుతుంటే ఒక సంగతి నాకు స్పష్టంగా కనిపించింది. ఒక్కో రూలు వెనక ఒక్కో చావు ఉంది. ఇంకో సంగతి కూడా. కింద చెప్పబోయే వాటిలో ఏ సంఘటనకూ తుపాకుల కొరత కారణం కాదు. రక్షకుడి మాట చెల్లకపోవడమో, రక్షకుడినే సరిగా కనిపెట్టి ఉండకపోవడమో కారణం.

పాత రోజుల మాట

రాజు పక్కన ఎవరిని ఉంచాలన్న ప్రశ్న కొత్తది కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో రాజు ఆత్మరక్షణకు ఒక అధ్యాయమే ఉంది. రాజు నిద్ర లేవగానే ముందు విల్లు పట్టిన స్త్రీలు చుట్టూ నిలవాలని, తరువాత ఒక్కో గదిలో ఒక్కో వర్గం బాధ్యత తీసుకోవాలని అందులో ఉంది. తరతరాలుగా నమ్మకంగా ఉన్నవారిని పెట్టుకోవాలి, ఒకసారి చెడిన తరువాత మళ్లీ చేర్చుకున్నవాడిని, స్వదేశీయుడైనా సరే, దగ్గరకు రానివ్వకూడదు అంటాడాయన. ఇవాళ మనం వెరిఫికేషన్ అంటున్నది అదే.

మన కాకతీయుల కాలంలో లెంకలు అనేవారు ఉండేవారు. ఏలికతోనే బతుకు, ఏలికతోనే చావు అని ప్రమాణం చేసిన వీరులు వాళ్లు. అయితే ప్రాణం ఇవ్వడానికి సిద్ధపడటం ఒకటి, ఏలిక ప్రాణం మీదకు రాకుండా ముందే ఆపడం ఇంకొకటి. ఆ రెండోదే కష్టం.

1773: యాభై గుర్రాలతో మొదలు

నేటి భారత సైన్యంలో అన్నిటికంటే సీనియర్ రెజిమెంటు రాష్ట్రపతి అంగరక్షక దళం. 1773లో వారన్ హేస్టింగ్స్ బెనారసులో యాభై మంది ఆశ్వికులతో దీన్ని మొదలుపెట్టాడు. బెనారసు రాజా చైత్‌సింగ్ మరో యాభై మందిని ఇచ్చాడు. మొదటి కమాండెంటు కెప్టెన్ స్వీనీ టూన్. 1947లో దేశంతో పాటు ఈ దళం కూడా రెండుగా చీలింది. వైస్రాయ్ బగ్గీ ఎవరికన్న ప్రశ్న వస్తే నాణెం ఎగరేసి తేల్చారని, మనమే గెలిచామని చెప్పుకుంటారు. గణతంత్ర దినోత్సవం నాడు టీవీలో ఎర్రకోట్లు, ఎత్తయిన గుర్రాలు చూసి ఇది అలంకారానికే అనుకునేవాళ్లున్నారు. వాళ్లు పారాట్రూపర్లు కూడా. సియాచిన్‌లో, శ్రీలంకలో, ఐక్యరాజ్య సమితి శాంతి దళాల్లో పనిచేసి వచ్చారు. 2023లో ఈ దళం 250 ఏళ్లు పూర్తి చేసుకుంది.

ఇంత దళం ఉన్నా ఒక వైస్రాయ్ హత్యకు గురయ్యాడు. 1872 ఫిబ్రవరి 8న లార్డ్ మేయో అండమాన్‌లో ఖైదీల సెటిల్మెంట్ చూడటానికి వెళ్లాడు. ఆ రోజు పనులు అయిపోయాయి. ఇంకా కాస్త వెలుతురు ఉంది కదా, మౌంట్ హారియట్ ఎక్కి సూర్యాస్తమయం చూద్దామన్నది ఆయన ముచ్చటే. దిగి వచ్చేసరికి చీకటి పడింది. హోప్‌టౌన్ జెట్టీ దగ్గర, చుట్టూ పోలీసులు ఉండగానే, షేర్ అలీ అనే ఖైదీ వెనక నుంచి ఉరికి కత్తితో పొడిచాడు. ఆ షేర్ అలీ ఒకప్పుడు పెషావర్ ప్రాంతంలో ఆంగ్ల అధికారుల దగ్గర గుర్రపు ఆర్డర్లీగా పనిచేసినవాడే. ఆ కొండను ఇప్పుడు మౌంట్ మణిపుర్ అంటున్నారు. పోర్ట్‌బ్లెయిర్‌లో పోస్టింగు చేసిన మనవాళ్లు చాలామంది చూసే ఉంటారు. ప్రోగ్రాం చివరి నిమిషంలో మారితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే పాత పాఠం మన దేశంలో నాకు కనబడలేదు.

బాపూజీ ఒప్పుకోలేదు

1948 జనవరి 20న ఢిల్లీ బిర్లా హౌస్ ప్రార్థన సభలో మదన్‌లాల్ పహ్వా బాంబు పేల్చాడు, దొరికిపోయాడు. ఆ తరువాత అక్కడ పోలీసులను పెంచారు. సభకు వచ్చేవారిని తనిఖీ చేస్తామని అడిగారు. గాంధీగారు ఒప్పుకోలేదు. సర్దార్ పటేల్ స్వయంగా బతిమాలినా వినలేదు. ప్రార్థనకు వచ్చేవాడి జేబులు వెతికించడం ఆయన మనసుకు సరిపడలేదు. పది రోజులకే, జనవరి 30 సాయంత్రం, గాడ్సే మూడు గుండ్లు పేల్చాడు.

ఇక్కడ ఆయనను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. ఆయన బతుకంతా ఆ నమ్మకం మీదే నడిచింది. కానీ తనిఖీ ఒక్కటే మార్గం కాదు కదా. దొరికిన మనిషి నోట వచ్చిన వివరాలను ఢిల్లీ, బొంబాయి పోలీసులు కలిసి సకాలంలో వాడుకోలేకపోయారు. తరువాత కపూర్ కమిషన్ విచారణలో ప్రధానంగా చర్చకు వచ్చింది ఇదే. నాయకుడు ‘వద్దు’ అన్నప్పుడు రక్షకుడి పని అయిపోదు, రెట్టింపవుతుంది.

1984: కాపలావాడే

1981 దాకా ప్రధానమంత్రి భద్రతను ఢిల్లీ పోలీసులే చూసేవారు. ఆ ఏడాది ఇంటెలిజెన్స్ బ్యూరో ఆధ్వర్యంలో ఒక ప్రత్యేక టాస్క్‌ఫోర్సు వచ్చింది. 1984 జూన్‌లో ఆపరేషన్ బ్లూస్టార్ తరువాత ఇందిరాగాంధీ గారి ఇంటి కాపలా నుంచి సిక్కు సిబ్బందిని తప్పించారు, మళ్లీ తీసుకొచ్చారు. మతాన్ని బట్టి మనుషులను దూరం పెట్టడం ఆవిడకు ఇష్టం లేదంటారు. అక్టోబర్ 31 ఉదయం టీవీ ఇంటర్వ్యూ కోసం ఇంటి నుంచి పక్కనే ఉన్న అక్బర్ రోడ్డు ఆఫీసుకు నడిచి వెళ్తుండగా, గేటు దగ్గర సబ్ ఇన్‌స్పెక్టర్ బియాంత్ సింగ్, కానిస్టేబుల్ సత్వంత్ సింగ్ కాల్చేశారు. ఆవిడ వెనకే నడుస్తున్న పోలీసు రామేశ్వర్ దయాళ్‌కూ గుండ్లు తగిలాయి.

దీన్ని తలుచుకుని ఒక మతం మీద వేలు చూపేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. సిక్కు సోదరులతో ఒకే బ్యారక్‌లో పడుకుని, ఒకే లంగర్‌లో తిన్న మనం ఆ మాట ఒప్పుకోలేం. ఆవిడ సిద్ధాంతం తప్పు కాదు. తప్పు డ్యూటీ రోస్టరులో ఉంది. బియాంత్ సింగ్ ఇంకొకరితో డ్యూటీ మార్చుకున్నాడు. సత్వంత్ సింగ్ కడుపులో బాగోలేదని చెప్పి లెట్రిన్ దగ్గరి పోస్టుకు మార్పించుకున్నాడు. ఇద్దరూ అలా ఒకే గేటు దగ్గరకు చేరారని కోర్టులో తేలింది. రోజూ ప్రతి యూనిట్‌లో జరిగే మార్పులే ఇవి. ఎవరు ఎవరితో ఎందుకు మార్చుకుంటున్నారని ఆ ఉదయం ఒక్కరు గట్టిగా అడిగి ఉంటే!

ఆ తరువాత జరిగింది మరీ ఘోరం. ఒక్క ఢిల్లీలోనే ప్రభుత్వ లెక్క ప్రకారం 2,733 మంది సిక్కులు బలయ్యారు. కాపలా తప్పితే పోయేది ఒక్క నాయకుడి ప్రాణమే కాదని ఆ నవంబరు చెప్పింది.

ఎస్.పి.జి., దానిలో ఖాళీ

ఆ దెబ్బతో 1985లో స్పెషల్ ప్రొటెక్షన్ గ్రూప్ పుట్టింది. 1988లో దానికి చట్టం వచ్చింది. మధ్యలో రెండు హెచ్చరికలు వచ్చాయి. 1986 అక్టోబర్ 2న రాజ్‌ఘాట్‌లో పొదల్లో దాక్కున్న కరమ్‌జీత్ సింగ్ అనే యువకుడు రాజీవ్ గాంధీ గారి మీద కాల్పులు జరిపాడు. మొదటి చప్పుడు స్కూటరుదేమో అనుకున్నారని అప్పట్లో పత్రికలు రాశాయి. 1987 జూలై 30న కొలంబోలో గౌరవ వందనం స్వీకరిస్తుండగా వరుసలో నిలబడ్డ శ్రీలంక నావికుడు రైఫిల్ తిప్పి మడమతో కొట్టాడు. రాజీవ్ గారు తల వంచడంతో దెబ్బ భుజం మీదుగా పోయింది. గార్డ్ ఆఫ్ ఆనర్ అంటే ఏమిటో తెలిసిన మనకు ఆ దృశ్యం ఎంత సిగ్గు కలిగించిందో చెప్పనక్కర్లేదు.

చట్టంలో పెద్ద ఖాళీ ఒకటి ఉండిపోయింది. ఎస్.పి.జి. ప్రధానమంత్రికి మాత్రమే. 1989 ఎన్నికల్లో ఓడిపోయాక రాజీవ్ గారికి ఆ రక్షణ పోయింది. పదవి పోయింది గాని ముప్పు పోలేదు. 1991 మే 21న ఆయన మన విశాఖపట్నంలో ప్రచారం ముగించుకునే మద్రాసు వెళ్లారు. విమానంలో లోపం వచ్చి ప్రయాణం ఆగిపోతుందనుకున్నారు, సరిచేసి బయల్దేరారు. రాత్రి పది దాటాక శ్రీపెరుంబుదూరులో దండ వేయడానికి వచ్చిన ధను నడుముకు కట్టుకున్న బాంబు పేల్చుకుంది. ఆమెను దగ్గరకు రాకుండా ఒక మహిళా సబ్ ఇన్‌స్పెక్టర్ ఆపబోయారు. అందరినీ రానివ్వండి, కంగారు పడకండి అన్నట్టు రాజీవ్ గారే వారించారని, తీవ్రంగా గాయపడి బతికిన ఆ అధికారిణి తరువాత చెప్పారు. ఆ రాత్రి ఆయనతో పాటు చనిపోయినవాళ్లలో తొమ్మిది మంది డ్యూటీలో ఉన్న పోలీసులు. ఆయన పి.ఎస్.ఓ. ప్రదీప్ కుమార్ గుప్తా కూడా ఆయన పక్కనే నేలకొరిగాడు.

సరైన ప్రత్యామ్నాయం లేకుండా ఎస్.పి.జి.ని తీసేయడాన్ని వర్మ కమిషన్ తప్పుపట్టింది. సరిగ్గా నెల రోజులకు, జూన్ 21న, మన పి.వి. నరసింహారావు గారు ప్రధాని అయ్యారు. ఆ ఏడాదే చట్టం సవరించి మాజీ ప్రధానులను, వారి కుటుంబాలను కూడా చేర్చారు. తరువాత కాలపరిమితులు చాలాసార్లు మారాయి. 2019 సవరణతో ప్రధానికి, అధికార నివాసంలో ఆయనతో ఉండే కుటుంబానికి, పదవి దిగాక అయిదేళ్ల వరకు మాత్రమే ఎస్.పి.జి. రక్షణ అయ్యింది.

పొరుగున, మన ఇంట

పొరుగు దేశాల్లోనూ ఇదే కథ. 1993 మే 1న కొలంబోలో ప్రేమదాసను చంపినవాడు అంతకుముందే ఆయన ఇంటి సిబ్బందితో స్నేహం చేసి చనువు పెంచుకున్నాడు. 2011 జనవరి 4న ఇస్లామాబాద్‌లో పంజాబ్ గవర్నర్ సల్మాన్ తసీర్‌ను కాల్చింది ఆయన గార్డే. మిగతా గార్డులు తుపాకీ ఎత్తలేదు. మన చండీగఢ్‌లో 1995 ఆగస్టు 31న ముఖ్యమంత్రి బియాంత్ సింగ్‌ను బలిగొన్న మానవబాంబు దిలావర్ సింగ్ పంజాబ్ పోలీసు కానిస్టేబులు. ఇందిరమ్మను కాల్చినవాడి పేరు, ఈ ముఖ్యమంత్రి పేరు ఒకటే కావడం విధి వైచిత్రి.

మన తెలుగునాట 2003 అక్టోబర్ 1న అలిపిరి దగ్గర ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారి కాన్వాయ్ మీద నక్సలైట్లు క్లెమోర్ మైన్లు పేల్చారు. బుల్లెట్ ప్రూఫ్ కారు ఉండబట్టి గాయాలతో బయటపడ్డారు. కారు కాపాడింది గాని, రోడ్డు మాత్రం ముందుగా పూర్తిగా చూడబడలేదు. రోడ్ ఓపెనింగ్ పార్టీలో నడిచినవాళ్లకు ఆ పని ఎంత విసుగో, ఎంత ముఖ్యమో తెలుసు. 2022 జనవరి 5న వాతావరణం బాగోలేక హెలికాప్టర్ మానేసి రోడ్డు దారిన వెళ్లిన ప్రధాని, ఫిరోజ్‌పూర్ దగ్గర ఫ్లైఓవర్ మీద పదిహేను ఇరవై నిమిషాలు నిలిచిపోయారు. లార్డ్ మేయో నాటి నుంచి దాదాపు 150 ఏళ్లు. కారణం మళ్లీ మారిన ప్రోగ్రామే. అదృష్టం బాగుండి ప్రాణనష్టం జరగలేదు.

రక్షణ అవసరానికా, హోదాకా?

ఇదే సమయంలో రక్షణ హోదాగా మారిపోయింది. ఎన్.ఎస్.జి.ని పెట్టింది ఉగ్రవాదులతో పోరాడటానికి. దానిలో చాలామంది ఏళ్ల తరబడి నాయకుల వెంట తిరగాల్సి వచ్చింది. 2024లో ఆ బాధ్యతను సి.ఆర్.పి.ఎఫ్.కు అప్పగించాలని కేంద్రం నిర్ణయించడం మంచిదే. గన్‌మన్ల సంఖ్యను బట్టి మనిషి స్థాయి లెక్కగట్టే అలవాటు పోనంతకాలం అసలు ముప్పు ఉన్నవాడికి మనుషులు చాలరు, ముప్పు లేనివాడి వాకిట్లో నలుగురు కునుకు తీస్తుంటారు.

సర్వీసులో ఉన్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నేను చెప్పేది ఒక్కటే. పాసు లేనివాడిని ఆపినప్పుడు, డ్యూటీ మార్పుకు కారణం అడిగినప్పుడు, ఈ దారి ఇంకా చూడలేదు సార్ అన్నప్పుడు ఎదుటివాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి. శ్రీపెరుంబుదూరులో చెయ్యి అడ్డుపెట్టిన ఆ మహిళా అధికారిణి చేసిన పనే సరైన పని. ఆమె మాట చెల్లి ఉంటే దేశ చరిత్రే మరోలా ఉండేది. పై అధికారులకు కూడా ఒక మనవి. మిమ్మల్ని గేటు దగ్గర ఒక కుర్ర సెంట్రీ ఆపితే కోప్పడకండి, భుజం తట్టండి. ‘వద్దు సార్’ అనడం వాడికి అక్కడే అలవాటు కావాలి. ఈ రోజు మీతో అనలేనివాడు రేపు ప్రధానమంత్రితో ఏం అనగలడు?

పేర్లు ఎవరికీ గుర్తులేని ఆ తొమ్మిది మంది పోలీసులకు, అలాంటి వారందరికీ ఈ సంచిక ద్వారా నా సెల్యూట్.

జై హింద్.