సెల్లుల ఆయుర్దాయము

నిజామాబాదు జిల్లాలోని బాల్కొండ చరిత్రమును వ్రాయబూనినవారు తొలుత కొండమీది కోటను, పిదప పసుపు పంటను, ఆపైన 1963 జూలై 26వ తేదీన జవాహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన పోచంపాడు ఆనకట్టను వర్ణించి తృప్తినొందుట పరిపాటి. అవి వర్ణనీయములే. కాని యా సీమలో రెండు మూడు తరములవారు చేతబట్టి, చెవియొగ్గి, వ్రేలితో నొక్కి, ఎండలో పెట్టి, ఒక్కొక్కప్పుడు నాలుకతో సైతము తాకి పరీక్షించిన వస్తువొకటి కలదు. దానికి చరిత్రగ్రంథములలో చోటు దొరకుట యరుదు. అది రేడియోలోను, టేపురికార్డరులోను, చేతిదీపములోను ప్రాణమై నిలిచిన సెల్లు. అది యెన్నాళ్లు వచ్చును, ఏ పనికి చాలును, ఏ పనికి చాలదు అని తెలిసికొనుటకు పల్లెజనులు కనిపెట్టిన పరీక్షలు గౌరవింపదగిన విజ్ఞానమని నా దృఢవిశ్వాసము.

నైజాం రాజ్యమున 1935లో ప్రభుత్వపక్షమున రేడియో ప్రసారములు మొదలై, దక్కన్ రేడియో యను పేర వ్యాపించి, 1950లో ఆలిండియా రేడియోలో విలీనమైనవి. నాటి వాల్వుల సెట్లకు, కరెంటు లేని యూళ్లలో, ఫిలమెంటు వేడెక్కుటకు ఒక బ్యాటరీయు, 90 వోల్టుల బరువైన బ్యాటరీ మఱియొకటియు కావలసియుండెను. అది సంపన్నుల ముచ్చటయే గాని సామాన్యుల ముచ్చట కాదు.

సామాన్యుని యింట రేడియో పలుకుటకు ట్రాన్సిస్టరు పుట్టవలసివచ్చెను. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ఆ సూక్ష్మపరికరము జన్మించుటయు, 1954లో జేబురేడియో అంగడికెక్కుటయు, అనంతరము మన దేశమున ట్రాన్సిస్టరు సెట్లు పల్లెలకు చేరుటయు జరిగిన పిమ్మట, సెల్లు అనునది కిరాణా దుకాణమున ఉప్పు, అగ్గిపెట్టెల సరసన నిలిచినది. దాని మూలరూపమును 1866లో ఫ్రాన్సు దేశీయుడైన లెక్లాంషే కనుగొనగా, ఒలికిపోని పొడిఘటముగా 1886లో జర్మనీ దేశీయుడైన గాస్నర్ దానిని మార్చెను. వెలుపలి డబ్బా జింకు, అదియే ఋణధ్రువము. నడుమ బొగ్గుకడ్డీ, దాని చుట్టును మాంగనీసు కలిపిన నల్లని ముద్ద, నడిమి తడిపదార్థములో ముఖ్యమైనది నవాసాగరము, అనగా కళాయివారు గిన్నెలపై చల్లి పొగలెగయించు ఆ తెల్లని ద్రవ్యమే. మన దేశమున మాంగనీసు త్రవ్వకము 1892 ప్రాంతమున విజయనగర సీమలోనే యారంభమైనదని తలచినపుడు, ఈ వస్తువు మనకు పూర్తిగా పరాయిది కాదని తోచును. తొమ్మిది అంకెలోనుండి దుముకు పిల్లి బొమ్మగల ఎవరెడీ సెల్లును, 1972లో స్థాపితమైన ఇండో నేషనల్ సంస్థ నెల్లూరులో తయారుచేసిన నిప్పో సెల్లును ఎఱుగని తెలుగు పల్లె యుండదు.

కొత్త సెల్లు వోల్టేజి ఒకటిన్నర. వాడినకొలది అది క్రమముగా దిగును. అయితే యా దిగుట నీటికుండ ఖాళీయగుటవంటిది కాదు. ఇదియే పల్లెవారు ముందుగా గ్రహించిన రహస్యము. గట్టిగా వాడినపుడు బొగ్గుకడ్డీ చుట్టును ఉదజని పేరుకొని, విద్యుత్తు నడకకు అడ్డుపడును. విరామమిచ్చినయెడల మాంగనీసు దానిని మెల్లగా హరించి, సెల్లు కొంత తేఱుకొనును. ఎండవేడిమి యీ వ్యాపారమును త్వరపెట్టును. రసాయనశాస్త్రము చదువని రైతు యీ ఫలమును మాత్రము చక్కగా చదివెను. పసుపును త్రవ్వి, ఉడికించి, కల్లములో ఎండబోసి, దొంగకును అకాలవర్షమునకును వెఱచి రాత్రులు కావలి పండుకొను దినములలో, పగలు కొమ్ముల ప్రక్కనే చాటలో నాలుగు సెల్లులు ఎండుచుండుటయు, సాయంకాలము వానిని మరల రేడియోలో పేర్చి, మీట త్రిప్పి, రేడియో పలుకగానే యజమాని ముఖము విప్పారుటయు ఆ కాలమున సర్వసాధారణ దృశ్యములు. కొందఱు సెల్లును పంటితో కొఱికి నొక్కువారు. జింకు డబ్బా చిట్లి లోని తడి వెలికివచ్చి సెట్టును తినివేయు ప్రమాదమున్నందున, దీనిని నేను మెచ్చుకొనజాలను.

సెల్లుల నడుమ వారు పాటించిన క్రమము మాత్రము నిజముగా మెచ్చదగినది. రాత్రివేళ మోటారు వేయుటకు పొలము పోవు రైతు చేతి టార్చిలైటునకు కొత్త సెల్లులు వేయుదురు. దాని వెలుగు ఎఱ్ఱబాఱినంతనే వానిని పాఱవేయక రేడియోలోనికి దింపుదురు. టార్చి బల్బు ఒక్కసారిగా అధిక విద్యుత్తును కోరును. ట్రాన్సిస్టరు సన్నని గొంతుతో పాడుటకు ముప్పది మిల్లీఆంపియర్లున్నను చాలును. అందుచేత టార్చికి ముసలిదైన సెల్లు రేడియోకు ఇంకను పడుచుదే. రేడియోలో దాని యంత్యదశ తెలియుటకు గుఱుతు ఏమనగా, మాటలు స్పష్టముగనే వినబడుచుండగా, డోలు మ్రోగిన చోటనో, గాయని తారస్థాయి నందుకొన్న చోటనో స్వరము పగులును. వార్తలు వచ్చును, పాట రాదు. అట్టి స్థితిలో ఆ యింటివారు పాటల వేళకు సెట్టును కట్టివేసి, వాతావరణ సూచనకును, వ్యవసాయ కార్యక్రమమునకును మాత్రమే విప్పి మఱికొన్ని దినములు గడుపుదురు. ఆర్మూరు, బాల్కొండ ప్రాంతములలో తునికాకు కత్తిరించి బీడీలు చుట్టు స్త్రీలకు ఈ లెక్క మరీ ముఖ్యము. చేతులు చాటలో నుండగా చెవికి తోడు కావలెను, ఆ తోడునకు సెల్లు కావలెను, సెల్లునకు కూలిలోనుండి పైకము తీయవలెను. కొత్త సెల్లుల నడుమ పాతదానిని కలుపరాదను నియమము వారికి కంఠస్థము. అది సత్యమే, వరుసలో బలహీనమైన సెల్లు తక్కినవాని శక్తిని దిగమ్రింగి, తుదకు తానే తలక్రిందులై చెడును.

మోటారుగల టేపురికార్డరు వచ్చుటతో ఈ పరీక్ష యావత్తును మాఱిపోయినది.

1963లో ఫిలిప్స్ సంస్థ బెర్లినులో ప్రదర్శించిన చిన్న కేసెట్టు లోకమంతట వ్యాపించిన కాలమును, 1973లో చమురు ధర పెరిగి గల్ఫు దేశములలో కట్టడములు లేచిన కాలమును దాదాపు ఒకటే. అంతకుమున్ను కామాటిపురమునకును భీవండి మగ్గములకును పోయిన మార్గముననే, బొంబాయి మీదుగా, నిజామాబాదు, కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాల యువకులు వేలకొలదిగ దుబాయి, మస్కటు, కువైటు, సౌదీలకు తరలిరి. 1983లో వలసల చట్టము వచ్చునాటికే యీ ప్రవాహము బలపడియుండెను. సెలవుపై వచ్చినవాని సామానులో బంగారము, అత్తరు, కంబళి, వానితోపాటు రేడియోయు టేపును కలిసిన టూ-ఇన్-వన్ ఒకటి తప్పక యుండెడిది. దానిని జనులు క్లుప్తముగా టేపు అనిరి.

టేపు వచ్చినది పాటలకే కాదు, ఉత్తరములకును. వ్రాత రాని తల్లియు, చదువరి దొరకని యిల్లాలును, కేసెట్టులో మాటలాడి, ఊరినుండి పోవువాని చేతికిచ్చి పంపిరి. కొడుకు దానిని విని, అవతలి ప్రక్కన తన మాటలు నింపి మరల పంపును. "కొడుకా, పాణం మంచిగున్నదా? పసుపు ఉడుకవెట్టినం, నాయిన మోకాలు నొస్తున్నదంటుండు" అని యారంభమై, ఇంటిలోని ప్రతివ్యక్తియు వంతులవారీగ ముందుకు వచ్చి, పసిబిడ్డ చేత నాలుగక్షరములు పలికించునంతలో, ప్రక్కన పెద్దాయన "సెల్లులు దిగుతున్నయ్, జల్ది జెప్పుండ్రి" అని హెచ్చరించును. ఆ హెచ్చరిక పిసినితనము కాదు. టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగమున నడువవలెను. సెల్లులు దిగినపుడు మోటారు మందగించును. మందగించిన టేపుమీద పట్టిన మాటను, అక్కడ దుబాయి గదిలో కరెంటుపై సరియైన వేగమున వినిపింపగా, తల్లిగొంతు సన్నబడి, తొందరపడి, చిన్నపిల్ల గొంతువలె వినబడును. దీనికి విపర్యయముగా, కొడుకు అక్కడ కరెంటుపై పట్టి పంపిన గొంతు, ఇక్కడ దిగిన సెల్లులపై బరువెక్కి, సాగి, నీరసముగా వినిపించును. "వాని గొంతు గిట్లెందుకున్నది, జరమొచ్చిందా యేంది?" అని తల్లి కలతపడుట, ఎవరో తెలిసినవాడు కొత్త సెల్లులు తెచ్చివేసి మరల వినిపింపగా ఆమె నెమ్మదించుట, నేటి పఠితలకు చిత్రముగా తోచవచ్చునుగాని, ఆ తల్లికి సెల్లు దిగుట ఎంత గొప్ప విషయమో ఊహించినచో చిత్రము కాదు.

ఈ యనుభవము నుండి ధర్మమొకటి స్థిరపడినది: కొత్త సెల్లులు మాట పట్టుటకు, నడిమి సెల్లులు వచ్చిన మాట వినుటకు, ముసలి సెల్లులు రేడియోకు. కేసెట్టును వెనుకకు త్రిప్పుట మోటారుకు బరువైన పని గావున, దానికి సెల్లు ఖర్చుచేయక, చక్రపు పండ్లలో పెన్సిలు దూర్చి గిరగిర త్రిప్పిరి.

అంతర్జాతీయ ప్రమాణముల ననుసరించి ప్రయోగశాలలు చేసిన పరీక్షయు దీనికి దూరమైనది కాదు. పెన్సిలు సెల్లును 10 ఓముల నిరోధకమునకు తగిల్చి, దినమునకు ఒక గంట మాత్రమే నడిపి, తక్కిన కాలము విశ్రాంతి నిచ్చి, వోల్టేజి 0.9కు దిగువఱకు ఎన్ని గంటలు వచ్చెనో లెక్కించెడివారు. విరామమునకు విలువ కట్టుట, ఏ పనికి ఆ పరీక్ష వేఱుగ నుంచుట, ఎక్కడ ఆగవలెనో ముందే నిశ్చయించుకొనుట అను మూడును కల్లము కాపువానికి తెలిసినవే. అతనికి లేనిది మీటరొక్కటే.

1979 జూలై 1న సోనీ సంస్థ రెండు పెన్సిలు సెల్లుల వాక్‌మన్‌ను విడుదల చేయుటయు, పిదప 2001లో పది గంటలు పాడునను వాగ్దానముతో ఐపాడ్ వెలువడి సెల్లునే పెట్టె లోపల మూసివేయుటయు ఈ విద్య క్షీణించుటకు మార్గము వేసినవి. మూసిన సెల్లును ఎండబెట్టలేము, క్రిందికి దింపి వేఱొక పనికి వాడలేము. దాని వయస్సు విషయమై అమెరికాలో కొనుగోలుదారులు న్యాయస్థానమున కెక్కి, 2005లో రాజీ పొందవలసివచ్చెను.

పాత టేపు అటకమీద నున్నవారు నేడు దాని పాటవమును పరీక్షింపదలచినచో, ముందుగా సెల్లుగదిలోని తీగచుట్టల మీది పచ్చని తుప్పును నిమ్మరసపు దూదితో తుడిచి బాగుగా ఆఱనీయవలెను. సాగిపోయిన రబ్బరు బెల్టును మార్పింపవలెను, లేనిచో బెల్టు దోషము సెల్లుమీద పడును. ఒకే తయారీ సెల్లులను ఒకేసారి వేసి, ఒకే కేసెట్టును, ఒకే శబ్దప్రమాణమున నడుపవలెను. శబ్దము ఆగువఱకు వేచియుండుట తప్పుపరీక్ష. గడియారము చూడవలెను: ప్రక్కకు 30 నిమిషములు పట్టు కేసెట్టు 32 నిమిషములు పట్టెనేని, పాట ఒక స్వరస్థానమునకు పైగా దిగిపోయినట్లే, సెల్లుల ఆయువు అక్కడనే ముగిసినట్లు వ్రాసికొనవలెను.

ఆ ఉత్తరపు కేసెట్టులను కంప్యూటరులోనికి ఎక్కించువారికి మఱియొక చిక్కు గలదు. గల్ఫులో కరెంటుపై పట్టిన మాటల వెనుక విద్యుత్తు హోరు సన్నగా చిక్కుకొనియుండును. ఆ హోరు ఆ దేశపు కరెంటు పౌనఃపున్యముతో, అనగా చాలచోట్ల సెకనుకు 50 ఆవర్తనములతో, ముడిపడియుండునని తెలియును గావున, దానిని కొలిచి వేగమును సరిదిద్దవచ్చును. బాల్కొండ ఇంటి వాకిట సెల్లులపై పట్టిన మాటలలో ఆ హోరు లేదు. ఈ కొలత వానిని సరిదిద్దజాలదు గావున, ఆ తల్లి గొంతు నెఱిగిన కొడుకో, కూతురో, ఇరుగుపొరుగువారో యంత్రము ప్రక్కన కూర్చుండి, వేగమును హెచ్చించుచు తగ్గించుచు, "ఇగో, గిదే అమ్మ గొంతు" అని చెప్పువఱకు ఆ పని ముగియదు.