బెలుం కింద, నాపరాయి లోపల

కొలిమిగుండ్ల దాటాక నేలంతా చదును. గుహ అంటే కొండ కడుపులోనే ఉంటుందనుకుని వచ్చిన మీకు మైదానం నడుమ ఒక గొయ్యి చూపిస్తారు. బెలుం గుహల ద్వారం అదే. అందులోకి మెట్లు. దిగండి.

ఎండ వెనకబడుతుంది, ఉక్క మొదలవుతుంది. లోపల చల్లగా ఉంటుందని ఎవరైనా చెప్పి ఉంటే నమ్మకండి. కాసేపటికే చొక్కా వీపుకు అంటుకుంటుంది. గొట్టాల గుండా బయటి గాలి పంపుతున్నారు. ఆ గాలి తగిలే చోటల్లా జనం గుంపుగా ఆగిపోతారు. మీరు వాళ్లను దాటి గోడ దగ్గరికి రండి.

పొరలు పొరలుగా ఉన్న ఈ నల్లరాయి మీకు కొత్త కాదు. సీమ ఇళ్లలో గచ్చుకు పరిచే నాపరాళ్లది ఈ వంశమే. ఒకప్పుడిక్కడ సముద్రం ఉండేది. చేపలు కూడా పుట్టని కాలంలో దాని అడుగున పేరుకున్న సున్నపు బురద గట్టిపడి రాయయింది. ఆ రాయిలో ఇంత దారి తొలిచింది నీళ్లే. అయితే ఉత్త నీళ్లు కావు. వాన చినుకు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కొంచెం కలుపుకుంటుంది. మట్టిలోకి ఇంకాక, వేళ్లూ సూక్ష్మజీవులూ వదిలే అదే వాయువును ఇంకా ఎక్కువ పట్టుకుంటుంది. సోడా కొడితే బుస్సుమనేది ఆ వాయువే. అలా కాస్త పులుపెక్కిన నీరు పగుళ్లలోకి దిగి సున్నపురాయిని కరిగిస్తూ పోయింది. వెంట్రుకవాసి సందు వేలు పట్టేంతయింది, తర్వాత మనిషి పట్టేంతయింది, ఆపైన ఏరే పారింది. గోడల మీద ఈ నున్నటి వంపులు ఆ ప్రవాహం ఒరుసుకున్న ఆనవాళ్లు.

భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1884లోనే ఈ గుహల సంగతి రాశాడు. పూర్తిగా కొలిచే పని మాత్రం 1980ల్లో డేనియల్ గెబావర్ నాయకత్వంలో వచ్చిన జర్మన్ బృందం చేసింది. లెక్క 3229 మీటర్లు తేలింది. మీకు తెరిచి ఉన్నది అందులో దాదాపు సగం.

కోటిలింగాలు అనే చోట తల ఎత్తండి, పైకప్పు నుంచి సున్నపు ఊడలు వేలాడుతుంటాయి. ఇక్కడ నీరు చేసింది కరిగించే పని కాదు, కట్టే పని. సున్నం మోసుకొచ్చిన చుక్క గుహ గాలి తగలగానే తనలోని వాయువును వదిలేస్తుంది. మోయలేని సున్నాన్ని అక్కడే దించేస్తుంది. ఇలాంటి ఊడలు చాలాచోట్ల ఏడాదికి పెరిగేది మిల్లీమీటరులో పదో వంతు, అటూ ఇటూగా. చిటికెన వేలంత ముక్క విరిచి జేబులో వేసుకుంటే కొన్ని వందల ఏళ్లు వేసుకున్నట్టే. "చెయ్యి పెట్టొద్దు నాయనా," అంటాడు గైడు ఒక పిల్లాడితో. చేతి జిడ్డు అంటితే ఆ చోట సున్నం సరిగా పట్టదు, రాయి మాసిపోతుంది. సప్తస్వరాల గుహలో మరీ కష్టం. అక్కడి రాతిని తడితే లోహంలా మోగుతుంది, తట్టాలనే అనిపిస్తుంది. మీకంటే ముందు వచ్చినవాళ్లందరికీ అలాగే అనిపించింది.

రంగు దీపాలు నాకు నచ్చవు. అది నా అభిరుచి, వదిలేయండి. కానీ ఎక్కువసేపు వెలిగే దీపం పక్కన ఏ గుహలోనైనా నాచు పడుతుంది. ఇక మన ఊపిరి. గుహను తొలిచిన వాయువునే మనం గుంపులుగా వచ్చి లోపల వదులుతున్నాం. ఫ్రాన్స్‌లో లాస్కో గుహ చిత్రాలు సందర్శకుల ఊపిరికీ తేమకూ పాడవుతుంటే 1963లో దాన్ని జనానికి మూసేశారు.

అన్నిటికంటే లోతైన పాతాళగంగకు వచ్చారు. పైనుంచి 46 మీటర్లు. ఇక్కడి నీరు కొంత దూరం పారి రాతిలోకి మాయమవుతుంది. మీ నెత్తిన ఉన్నది నేల. దానిమీద ఏం పోసినా మెల్లగా వడకట్టే ఇసుక పొరలు ఈ రాతిలో లేవు. పగులు దొరికితే పురుగుమందైనా మురుగైనా నేరుగా దిగుతుంది. టికెట్ కౌంటర్, కంచె, గైడు కాపాడేది లోపలి రాతిని మాత్రమే. గుహకు నీరు పంపేది ఆ కంచె అవతలి నేల. ఈ ప్రాంతమంతా నాపరాయి, సిమెంటు రాయి తవ్వి బతుకుతోంది. తవ్వొద్దనడం నాలాంటి చుట్టపుచూపు మనిషికి సులువే. ఎక్కడ తవ్వకూడదో తేల్చడమే అసలు పని.

పాతాళగంగ నీళ్లు బెలుం ఊరి బావికి చేరతాయని ఇక్కడివాళ్ల నమ్మకం. ఇలాంటివి తేల్చే పద్ధతి ఉంది. హాని లేని రంగు నీటిలో కలిపి, చుట్టుపక్కల బావుల్లో, ఊటల్లో ఎక్కడ తేలుతుందో కాపు కాసి చూస్తారు. కొత్త క్వారీకి అనుమతి కాగితం మీద సంతకం పడేముందు ఆ రంగు ఏ బావిలో తేలిందో అడగొచ్చు.