సమోరా గోల్‌కు ముందు

1981 ఏప్రిల్ 26న హిహోన్‌లో ఫుట్‌బాల్ మ్యాచ్ ముగిసే క్షణాల్లో రియల్ సొసియెదాద్ ఆటగాడు సమోరా కొట్టిన గోల్‌ను స్పెయిన్‌లో ఇప్పటికీ తలుచుకుంటారు. స్థానిక జట్టు స్పోర్టింగ్‌తో ఆ మ్యాచ్ 2-2తో డ్రా అయింది, సాన్ సెబాస్టియన్ జట్టు రియల్ సొసియెదాద్ తన చరిత్రలో తొలిసారి లీగ్ గెలిచింది. రియల్ మాడ్రిడ్‌కూ అవే 45 పాయింట్లు వచ్చినా, ఆ రెండు జట్లూ తలపడిన మ్యాచ్‌ల లెక్కలో టైటిల్ చేజారింది. ఆ గోల్ దగ్గరే ఆగిపోతే దీన్ని అదృష్టం అనుకుంటాం. నా దృష్టిలో ఆ లీగ్‌ను గెలిపించింది ఒక చిన్న సీమ తన పిల్లల్ని ఏళ్ల తరబడి ఓపిగ్గా తీర్చిదిద్దుకున్న పద్ధతి.

బాస్క్ ప్రాంతంలోని గిపుస్కోవా విస్తీర్ణంలో స్పెయిన్‌లోకెల్లా చిన్న ప్రావిన్సు. అప్పటి జనాభా సుమారు 7 లక్షలు. 1973లో విదేశీ ఆటగాళ్లకు మళ్లీ అనుమతి రాగానే బార్సిలోనా క్రుయిఫ్‌ను తెచ్చుకుంది, తర్వాత మాడ్రిడ్ ష్టీలికెను, కన్నింగ్‌హామ్‌ను కొన్నది. సొసియెదాద్ మాత్రం బాస్క్ కుర్రాళ్లతోనే ఆడింది. కోచ్ ఒర్మాయెచియా ఆ క్లబ్‌కే ఆడినవాడు. గోల్‌కీపర్ ఆర్కొనాదా, సమోరా, సాత్రుస్తెగి ఏళ్లుగా కలిసి ఆడినవాళ్లు. బార్సిలోనా స్ట్రైకర్ కినీని ఆ మార్చిలో దుండగులు ఎత్తుకెళ్లి 25 రోజులు బంధించడం వల్లే దారి సుగమమైందనేవారు ఉన్నారు. ఆ దారుణం బార్సిలోనాను కుంగదీసిన మాట నిజమే. కానీ అంతకు ముందటి సీజన్‌లోనే ఈ జట్టు 32 మ్యాచ్‌లు ఓడకుండా ఆడి, 33వ దాంట్లో సెవియాలో ఓడి, ఒక్క పాయింటు తేడాతో టైటిల్ పోగొట్టుకుంది. 1982లో మళ్లీ గెలిచింది. ఆ తర్వాతి రెండేళ్లూ, బాస్క్ ఆటగాళ్లే ఉండాలన్న అదే నియమం పాటించే పక్క ప్రావిన్సు జట్టు అథ్లెటిక్ బిల్బావో గెలిచింది. నాలుగేళ్లు వరసగా వచ్చినదాన్ని అదృష్టం అనలేం.

ఇది బాస్క్ జాతీయవాద విజయమన్న వాదన ఇంకా బలమైనది. ఫ్రాంకో నియంతృత్వం బాస్క్ భాషను బహిరంగ జీవితం నుంచి తరిమేసింది. ఆయన చనిపోయిన ఏడాదికి, 1976 డిసెంబరు 5న, ఇంకా నిషేధంలోనే ఉన్న బాస్క్ జెండాను సొసియెదాద్ కెప్టెన్ కోర్తబారియా, అథ్లెటిక్ కెప్టెన్ ఇరిబార్ కలిసి పట్టుకుని సాన్ సెబాస్టియన్ మైదానంలోకి నడిచారు. 1979లో బాస్క్ స్వయంపాలనకు ప్రజలు ఓటేశారు. ఒకవైపు బాస్క్ సాయుధ వేర్పాటువాద సంస్థ ఈటా చేసిన హత్యలు, మరోవైపు 1981 ఫిబ్రవరి 23న స్పెయిన్ పార్లమెంటులో సైనిక తిరుగుబాటు యత్నం. భాష కోసం రాష్ట్రం సాధించుకున్న మనకు ఆ ఉద్వేగం సులభంగానే అర్థమవుతుంది. అయితే ఆ జట్టు ఒకే గొంతుతో మాట్లాడలేదు. కోర్తబారియా స్పెయిన్ జట్టుకు ఆడటం మానేస్తే, అతని సహచరుడు ఆర్కొనాదా 1982 ప్రపంచ కప్‌లో అదే స్పెయిన్‌కు కెప్టెన్. ఎడమ అంచున మెరిసిన లోపెస్ ఉఫార్తె మొరాకోలోని ఫెస్‌లో పుట్టి, గిపుస్కోవాలోని ఇరూన్‌లో పెరిగినవాడు. అంటే ఎక్కడ పుట్టారన్నదానికంటే ఎక్కడ పెరిగారన్నదే ముఖ్యమైంది. అయినా బయటివారికి తలుపు మూసిన నియమమే అది, ఆ విమర్శను కొట్టిపారేయలేను.

ఈ పద్ధతికి కాలం కూడా కలిసొచ్చింది. అప్పట్లో ఒక్కో క్లబ్‌కు ఇద్దరు విదేశీయులే అనుమతి కాబట్టి, డబ్బున్న జట్లకూ హద్దు ఉండేది. 1989లో సొసియెదాద్ ఐర్లాండ్ ఆటగాడు ఆల్‌డ్రిడ్జ్‌ను తీసుకుని తన నియమం వదులుకుంది. 1995లో ఐరోపా న్యాయస్థానం ఇచ్చిన బోస్మన్ తీర్పు ఐరోపా ఆటగాళ్లపై ఉన్న ఆ హద్దును చెరిపేసింది. నియమాన్ని వదలని అథ్లెటిక్‌కూ 1984 తర్వాత లీగ్ దక్కలేదు.