మాట యొకటి, అర్థములు రెండు

రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఒక చిన్న మాట మిత్రపక్షముల సేనానుల నడుమ పెద్ద వాగ్వాదమునకు కారణమైనది. ఈ వృత్తాంతమును చర్చిల్ 1950లో వెలువడిన తన యుద్ధచరిత్ర మూడవ సంపుటమున వ్రాసియున్నాడు. బ్రిటిషు సేనాధికారులు ఒక పత్రమును సిద్ధపరచి, విషయము అత్యవసరము గనుక దానిని ‘టేబుల్’ చేయగోరుచున్నామని అమెరికను సహచరులకు తెలిపిరి. బ్రిటిషు వాడుకలో ఆ మాటకు చర్చకు పెట్టుట యని అర్థము. అమెరికను వాడుకలో పక్కకు నెట్టి మరచుట యని అర్థము. ఇరుపక్షములును చాలసేపు తీవ్రముగా వాదించుకొనిరి. తుదకు ఇరువురి కోరికయు నొకటే యని తేలినది!

రెండర్థములకును మూలము సభామధ్యమునందలి బల్లయే. బల్లమీదికి వచ్చిన పత్రము సభ్యుల యెదుటికి వచ్చినట్లని ఆంగ్లేయుల భావము. దానిని బల్లమీదనే విడిచి వేరొక పనికి పోవుట యని అమెరికనుల భావము. 1776లో స్వాతంత్ర్యము ప్రకటించుకొన్న అమెరికా క్రమముగా భాషలోను తన దారి తాను చూచుకొన్నది. స్వతంత్రజాతికి ప్రభుత్వమువలెనే భాషావ్యవస్థయు స్వంతముగా నుండవలెనని నోవా వెబ్‌స్టర్ 1789లో వాదించి, 1828లో తన మహానిఘంటువును ప్రకటించెను.

పైకి కనబడు భేదముల వలన హానిలేదు. అల్పవిషయమునకు పుట్టిన అలజడిని ఆంగ్లేయుడు టీకప్పులోని తుపాను అనును. అమెరికనుడు దానిని టీకెటిలులోనికి మార్చును. దృష్టిదోషము తగులకుండుటకు ఆంగ్లేయుడు కొయ్యను తాకును, అమెరికనుడు తట్టును. వినువారు నవ్వుకొని గ్రహింతురు.

ప్రమాదమంతయు ఒకే రూపమున దాగిన భేదమునందే యున్నది. ‘బిలియన్’ అనగా అమెరికాలో నూరు కోట్లు. బ్రిటనులో పూర్వము లక్ష కోట్లు. 1974లో బ్రిటిషు ప్రభుత్వము తన లెక్కలలో అమెరికను పద్ధతినే పాటింతునని ప్రకటించినది. అంతకు పూర్వపు గ్రంథములు చదువువారు ఏ దేశపు బిలియనో విచారింపక తప్పదు.

మన పార్లమెంటు బ్రిటిషు సంప్రదాయమునే స్వీకరించినది. సభలో బల్లపై నుంచిన పత్రము సభకు సమర్పించిన పత్రమే గాని, త్రోసిపుచ్చినది కాదు.

ఇట్టి చిక్కు తెనుగువారికిని క్రొత్త కాదు. తెలంగాణమున ‘మందలించుట’ యనగా పలుకరించి క్షేమమడుగుట. కోస్తా జిల్లాలలో మెత్తగా చీవాట్లు పెట్టుట. అన్ని ప్రాంతములవారును కలసి మెలగు మనబోంట్లు మాటపై కలహించుటకు ముందు, ఎదుటివారి ఊరిలో దాని అర్థమేమో అడిగి తెలిసికొనుట మేలు.