ఉపగ్రహ డేటా దారులు: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతం

ఉపగ్రహం మీదుగా వెళ్లే డేటా ఏ దారి పట్టాలో మొదట్లో నేల మీదే తేల్చేవారు. 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉండే భూస్థిర ఉపగ్రహం కింది నుంచి అందిన సంకేతానికి బలం పెంచి, ఫ్రీక్వెన్సీ మార్చి కిందికి వదిలేస్తుంది. అది ఎవరికి చేరాలో దానికి పట్టదు.

1980ల చివర్లో జాతీయ సమాచార కేంద్రం నిక్‌నెట్ పేరుతో జిల్లా కేంద్రాలను వీశాట్‌లనే చిన్న డిష్‌ల ద్వారా ఢిల్లీ హబ్‌కు కలిపింది. ఈ మూడు పట్టణాలూ అప్పట్లో నల్గొండ జిల్లాలోవే. సూర్యాపేట జిల్లా ఏర్పడింది 2016లో. హబ్ పద్ధతిలో రెండు చిన్న డిష్‌లు నేరుగా మాట్లాడుకోలేవు. నల్గొండ నుంచి పక్కనున్న వరంగల్‌కు సమాచారం పోవాలన్నా పైకెక్కి ఢిల్లీలో దిగాలి, మళ్లీ పైకెక్కి వరంగల్‌లో దిగాలి. మొత్తం 1,44,000 కిలోమీటర్ల పైమాటే. కాంతి వేగంతో వెళ్లినా దాదాపు అర సెకను.

ఆలస్యం కంటే పెద్ద చిక్కు రద్దీ. ఒకే ఛానల్‌లో రెండు డిష్‌లు ఒక్కసారే పంపితే రెండూ పాడవుతాయి. 1971లో హవాయి విశ్వవిద్యాలయం రేడియో మీద నడిపిన అలోహా పద్ధతి దీనికి తొలి జవాబు: ముందు పంపెయ్, దెబ్బతింటే కాసేపాగి మళ్లీ పంపు. వీశాట్‌లు దీన్నే మెరుగుపరిచి వాడుకున్నాయి. ఏటీఎంలో కార్డు పెట్టగానే వెళ్లే చిన్న సందేశానికి ఈ పద్ధతి చాలు. పెద్ద ఫైలుకైతే హబ్ ముందే సమయం కేటాయిస్తుంది. హైదరాబాద్–విజయవాడ రహదారి మీదున్న సూర్యాపేట, కోదాడల్లో ఇప్పుడు డేటా ఎక్కువగా ఫైబర్ మీదే వెళ్తుంది, అది తెగితేనే డిష్ గుర్తొస్తుంది. ఆ మాటకొస్తే మిర్యాలగూడలోనూ అంతే.

1998లో సేవలు మొదలుపెట్టిన ఇరిడియం ఉపగ్రహ ఫోన్ వ్యవస్థ, దారిని నేల మీదే తేల్చే ఈ లెక్క మార్చింది. 780 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే దాని 66 ఉపగ్రహాల్లో ఒక్కోటీ ముందూ వెనకా రెండింటితో, పక్క కక్ష్యల్లో రెండింటితో మాట్లాడుతుంది. దారి ఎంపిక ఆకాశంలోనే జరుగుతుంది. లంకెలు నిమిషాల్లో మారిపోతున్నా, ఎప్పుడు మారతాయో రైల్వే టైంటేబుల్‌లా ముందే తెలుసు. అందుకే దారుల పట్టికలు ముందే తయారు చేసుకోవచ్చు. తెలియనిదల్లా ఏ క్షణాన ఎక్కడ రద్దీ పెరుగుతుందన్నదే. దగ్గరి దారి కిక్కిరిస్తే కొంత డేటాను చుట్టుదారిన మళ్లించాలి.

అయితే 2022 అక్టోబరు 23న శ్రీహరికోట నుంచి ఎల్‌వీఎం3 రాకెట్ తీసుకెళ్లిన 36 వన్‌వెబ్ ఉపగ్రహాలకు ఇలాంటి పరస్పర లంకెల్లేవు. అందిన డేటాను అవి నేల మీది గేట్‌వేకే దించాలి. అదే ఏడాది నవంబరు 26న హైదరాబాద్ సంస్థ ధ్రువ స్పేస్ పంపిన థైబోల్ట్ ఉపగ్రహాల జంట తీరు వేరుగా ఉండేది: సందేశాన్ని దాచుకుని, అందుకోవాల్సిన కేంద్రం మీదికి వచ్చాక వదలడం.