తాతల నేతులు, కాలేజీ వాలీబాలు

పోయిన నెల ఆఫీసులో ఏటా చేసే హెల్త్ చెకప్‌లో నా రిపోర్టు మీద రెండుచోట్ల ఎర్రగీతలు పడ్డాయి. ఒకటి బీపీ, ఇంకోటి కొలెస్ట్రాల్. నా వయసు ఇరవైతొమ్మిది. డాక్టరుగారు రిపోర్టు తిరగేసి "ఎక్సర్‌సైజ్ ఏమైనా చేస్తారా?" అనడిగారు. నేను కాస్త ఛాతీ విరిచి "ఇంజనీరింగ్ నాలుగేళ్ళూ కాలేజీ వాలీబాల్ టీమ్‌లో ఉన్నాను సార్" అన్నా. ఆయన కళ్ళజోడు పైనుంచి చూసి "బాబూ, నేనడిగింది ఈ వారం సంగతి" అన్నారు.

క్యాబ్‌లో ఇంటికొస్తున్నంతసేపూ ఒకటే ఉక్రోషం. నాలుగేళ్ళు ఎండనక వాననక ఆడిన ఆట అంత ఊరికే పోతుందా? ఒంట్లో ఎక్కడో జమ అయ్యి ఉండదూ? ఆ రాత్రి కూర్చుని వెతికితే తెలిసిందేంటంటే, సరిగ్గా ఈ ప్రశ్నే నేను పుట్టకముందే అడిగేసి, వేలమంది లెక్కలు తీసి జవాబు కూడా చెప్పేశారు. ఆ కథే ఈ టపా.

కథ లండన్‌లో మొదలవుతుంది. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక బ్రిటన్‌లో గుండెపోట్లు పెరిగిపోతున్నాయి. ఎందుకో ఎవరికీ అంతుపట్టడం లేదు. జెర్రీ మోరిస్ అనే డాక్టరు (యుద్ధకాలంలో సైనిక వైద్యుడిగా మన దేశంలో కూడా పనిచేశాడు) మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ వాళ్ళ సోషల్ మెడిసిన్ విభాగానికి పెద్ద. చేసే ఉద్యోగానికీ గుండెజబ్బుకీ ఏమైనా సంబంధం ఉందేమో చూద్దామనుకున్నాడు. ఆయనకి దొరికిన ప్రయోగశాల లండన్ డబుల్ డెక్కర్ బస్సు!

ఒక్కసారి ఆలోచించండి. ఒకే బస్సు, ఒకే ఊరు, దాదాపు ఒకే రకం కుటుంబాలనుంచి వచ్చిన ఇద్దరు మనుషులు. డ్రైవరు షిఫ్టులో తొంభై శాతం కూర్చునే ఉంటాడు. కండక్టరు రోజుకి 500 నుంచి 750 మెట్లు ఎక్కిదిగుతాడు. మన భాషలో చెప్పాలంటే ఎవరూ డిజైన్ చెయ్యకుండానే కుదిరిన ఏ/బీ టెస్టింగ్ అన్నమాట. 35 నుంచి 64 ఏళ్ళ మధ్య వయసున్న సుమారు 31,000 మంది ట్రాన్స్‌పోర్టు ఉద్యోగుల లెక్కలు తీశారు. ఏడాదికి ప్రతి వెయ్యిమంది డ్రైవర్లలో 2.7 మందికి గుండెజబ్బు వస్తే, కండక్టర్లలో 1.9 మందికే వచ్చింది. వచ్చినవాళ్ళలో కూడా కండక్టర్లకి ఆలస్యంగా వచ్చింది, వచ్చినా తట్టుకుని బతికినవాళ్ళు ఎక్కువ.

నేనైతే ఆ రోజే అందరికీ మెయిల్ కొట్టేసేవాణ్ణి. మోరిస్ అలా చెయ్యలేదు. డ్రైవరుకి ట్రాఫిక్ టెన్షన్ ఉంటుంది, తేడా దానివల్ల కూడా కావచ్చు కదా. అందుకని పోస్టల్ ఉద్యోగుల లెక్కలు కూడా తీశాడు. నడిచీ సైకిలు తొక్కీ ఉత్తరాలు పంచే పోస్టుమాన్ల కంటే కుర్చీలో కూర్చునే గుమాస్తాలకీ టెలిఫోన్ ఆపరేటర్లకీ గుండెజబ్బు ఎక్కువని తేలాకే, 1953లో లాన్సెట్ పత్రికలో రెండు భాగాలుగా ప్రచురించాడు.

అంతటితో ఊరుకున్నాడా అంటే అదీ లేదు. 'లావుగా ఉన్నవాళ్ళే డ్రైవర్లుగా చేరుతున్నారేమో' అని తనమీద తనే ఇంకో అనుమానం వేసుకున్నాడు. దానికి ఆయన బృందం వెతికిపట్టుకున్న డేటా ఏంటో తెలుసా? కంపెనీ కుట్టించి ఇచ్చిన యూనిఫాం ప్యాంట్ల నడుము కొలతలు! 1956లో ఆ లెక్కలు కూడా లాన్సెట్‌లో వచ్చాయి. డ్రైవర్ల నడుములు పెద్దవే, అనుమానం నిజమే. కానీ తర్వాత సన్నవాళ్ళని సన్నవాళ్ళతో, లావువాళ్ళని లావువాళ్ళతో పోల్చి చూసినా కండక్టరుదే పైచెయ్యి అయింది.

ఇక్కడిదాకా వచ్చేసరికి మా బాబాయి గుర్తొచ్చాడు. ఆయనా బస్సు డ్రైవరే. ఏటా యూనిఫాం కుట్టే టైలరు "ఈసారి ఇంకో రెండంగుళాలు" అంటే, నాయనమ్మ "వాడు తిన్నది ఒంటబడుతోంది" అని మురిసిపోయేది. యాభైనాలుగేళ్ళకి ఒక రాత్రి నిద్రలోనే పోయాడు. కూర్చోవడం వల్లే పోయాడని నేననను. బీడీలున్నాయి, నైట్ డ్యూటీలున్నాయి. కానీ ఆ రెండంగుళాలు చూసి మేమెవ్వరం ఎందుకు అనుమానపడలేదా అని మాత్రం ఇప్పుడనిపిస్తోంది.

సరే, మళ్ళీ నా వాలీబాల్ సంగతికొద్దాం. దానికి జవాబు అమెరికాలో దొరికింది. రాల్ఫ్ పాఫెన్‌బార్గర్ అనే శాస్త్రవేత్త ఒక తెలివైన పని చేశాడు. హార్వర్డ్ యూనివర్సిటీలో 1916 నుంచి 1950 మధ్య చేరిన విద్యార్థుల పాత రికార్డులు బయటికి తీశాడు. ఎవరు కాలేజీ టీముల్లో ఆడారో అందులో ఉంది. 1960లలో వాళ్ళందరికీ ప్రశ్నాపత్రాలు పంపాడు. రోజూ ఎన్ని మెట్లు ఎక్కుతారు, ఎంతదూరం నడుస్తారు, ఏ ఆటలు ఆడతారు... ఇలా. అలా 16,936 మంది వివరాలు వచ్చాయి. ఆరు నుంచి పదేళ్ళు వాళ్ళ ఆరోగ్యం గమనించి 1978లో ఫలితాలు ప్రచురించాడు.

వారానికి 2,000 కేలరీలకన్నా తక్కువ ఖర్చుపెట్టేవాళ్ళకి, ఎక్కువ ఖర్చుపెట్టేవాళ్ళకన్నా గుండెపోటు ముప్పు 64 శాతం ఎక్కువ. ఇది సరే. నాకు తగలాల్సిన దెబ్బ తర్వాతి వాక్యంలో ఉంది. కాలేజీ టీముల్లో ఆడినవాళ్ళకి ముప్పు తగ్గింది, కానీ తర్వాత కూడా ఒళ్ళు వంచుతూ ఉన్నవాళ్ళకే తగ్గింది. ఆడి మానేసినవాడికి ఆ పాత ఆట ఏ సాయమూ చెయ్యలేదు. మోరిస్ కూడా 1990లో బ్రిటిష్ ప్రభుత్వోద్యోగుల మీద చేసిన పరిశోధనలో ఇదే మాట చెప్పాడు.

అంటే వ్యాయామం ఫిక్స్‌డ్ డిపాజిట్ కాదు, ప్రీపెయిడ్ రీఛార్జి. వాలిడిటీ అయిపోతే అంతే సంగతులు. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్న సామెత ఉందే, అది నా వాలీబాల్ గురించేనేమో :)

ఒక లోపం కూడా చెప్పుకోవాలి. పైన నేను చెప్పిన లెక్కలన్నీ మగవాళ్ళవే. ఇంటిపనీ ఆఫీసుపనీ రెండూ చేసే ఆడవాళ్ళ లెక్కలు ఇందులో లేవు. పైగా ఇవన్నీ గమనించి చెప్పినవే గానీ, మనుషుల్ని విడదీసి చేసిన ప్రయోగాలు కావు. కాకపోతే ఇన్ని చోట్ల, ఇన్నిసార్లు ఒకే జవాబు వస్తుంటే కాదనడం కష్టం.

నాకు ధైర్యమిచ్చిన విషయం ఒకటుంది. పాత ఆటకి విలువ లేకపోతే పాత బద్ధకానికీ శాశ్వతత్వం లేదు. నడివయసులో కొత్తగా ఆటలు మొదలుపెట్టిన హార్వర్డ్ పూర్వ విద్యార్థుల్లో మరణం ముప్పు, మొదలుపెట్టని వాళ్ళకన్నా 23 శాతం తక్కువని పాఫెన్‌బార్గర్ బృందం 1993లో తేల్చింది. ఆయన కూడా తన లెక్కల్ని తనే నమ్మి, నలభైఅయిదో ఏట పరుగు మొదలుపెట్టి ఎన్నో మారథాన్లు పూర్తిచేశాడు. ఈయనకీ మోరిస్‌కీ కలిపి 1996లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ స్పోర్ట్స్ సైన్స్ బహుమతి ఇచ్చింది. పాఫెన్‌బార్గర్ 2007లో ఎనభైనాలుగేళ్ళకి, మోరిస్ 2009లో తొంభైతొమ్మిదేళ్ళకి పోయారు.

మా ఆఫీసు ఆరో అంతస్తులో. అంతస్తుకి ఇరవైరెండు మెట్లు (లెక్కపెట్టాను). కండక్టరు లెక్క అందుకోవాలంటే రోజుకి నాలుగైదుసార్లన్నా ఎక్కిదిగాలి. ప్రస్తుతానికి రెండుసార్లు అవుతోంది. మొన్న ఆదివారం అపార్ట్‌మెంట్ కుర్రాళ్ళతో కలిసి నెట్ కూడా కట్టాం. రెండో సెట్ సగంలోనే ఆయాసమొచ్చి కూర్చుండిపోయాను. "అంకుల్, మీరెప్పుడైనా ఆడారా?" అని ఒకడడిగాడు.

కాలేజీ టీమ్ సంగతి నోటిదాకా వచ్చింది. "ఇవాళే మొదలుపెట్టాను నాన్నా" అన్నాను.