మూడు మరుగుదొడ్లు, ఒక సోమవారం

మన వైపు బడులు తెరిచేది జూన్ మాసంలో. తొలకరి చినుకులు, అట్టలు వేసిన కొత్త పుస్తకాలు, తల్లి కొంగు వదలని ఒకటో తరగతి పిల్లలు, ఇవన్నీ కలిసి వచ్చే కాలమది. ఆస్ట్రేలియాలో విద్యా సంవత్సరం జనవరి చివర, అక్కడి నడివేసవిలో మొదలవుతుంది. ఋతువు వేరైనా మొదటి రోజు తీరు మాత్రం ఎక్కడైనా ఒక్కటే. పిల్లవాడికి గంట వినబడుతుంది, బల్ల కనబడుతుంది, పంతులమ్మ కనబడుతుంది. ఆ గంట కొన్నదెవరు, బల్లకు సొమ్మిచ్చినదెవరు, పంతులమ్మ జీతమెంత అన్న సంగతులు వాడికి కనబడవు. వాటిని పెద్దలు సైతం తరాల తరబడి చూడకుండా ఉండిపోగలరు. ఆస్ట్రేలియాలోని కతోలిక ప్రాథమిక పాఠశాలల చరిత్ర చదువుతున్నప్పుడు నాకు కలిగిన తలపు ఇది. ఎనభై ఏళ్ళు ఎవరూ తెరిచి చూడని ఒక జమాఖర్చు 1962లో గోల్‌బర్న్ అనే పట్టణంలో ఒక సోమవారం ఉదయం బయటపడింది. బయటపెట్టినవి మూడు మరుగుదొడ్లు. ఆ కథను మిత్రులతో పంచుకోవాలని ఈ ప్రయత్నం.

కథ అర్థం కావాలంటే మరో వందేళ్ళు వెనక్కి వెళ్ళక తప్పదు. 1866లో దక్షిణ ఆస్ట్రేలియాలోని పెనోలా అనే పల్లెలో మేరీ మెకిలప్ అనే ఇరవై నాలుగేళ్ళ యువతి ఒక బడి మొదలుపెట్టింది. భవనం లేదు. గుర్రాలను కట్టే పాత సాలను ఆమె సోదరుడు జాన్ బాగుచేసి ఇచ్చాడు. చెల్లెళ్ళు తోడు వచ్చారు. ఆ ఊరి గురువు జూలియన్ టెనిసన్ వుడ్స్ వెన్నుదన్నుగా నిలిచాడు. వారిద్దరి పూనికతో పుట్టిన సన్యాసినీ సంఘం పునీత జోజప్ప పేరు పెట్టుకుంది. ఆ సంఘంలోని సిస్టర్లు పెద్ద మఠాల్లో కాక ఇద్దరు ముగ్గురు చొప్పున పల్లెల్లోని చిన్న ఇళ్ళలో కాపురముండి బడి నడిపేవారు. ఫీజు ఇవ్వగలిగినవారు ఇచ్చేవారు, ఇవ్వలేని వారి పిల్లలు ఊరికే చదువుకునేవారు. తమ సంఘం స్థానిక బిషప్పు చెప్పుచేతల్లో ఉండాలా, తమ పెద్దలే దానిని నడుపుకోవాలా అన్న విషయంలో వచ్చిన తగవులు ముదిరి, 1871 సెప్టెంబరులో అడిలైడ్ బిషప్పు షీల్ మేరీ మెకిలప్‌ను సంఘబహిష్కృతను చేశాడు. అయిదు నెలల తరువాత, 1872 ఫిబ్రవరిలో, తాను మరణశయ్యపై ఉండగా ఆ శిక్షను రద్దు చేశాడు. వెలివేయబడిన ఆ స్త్రీయే 2010లో ఆస్ట్రేలియా దేశపు మొదటి పునీతురాలిగా ప్రకటింపబడింది.

పెనోలా సాలలో బడి నడుస్తున్న రోజుల్లోనే ఆ ఖండంలోని వలస రాజ్యాలు ఒక్కొక్కటిగా కొత్త విద్యాచట్టాలు చేసుకుంటున్నాయి. అంతవరకు చర్చీలు నడిపే బడులకు కూడా ప్రభుత్వం నుంచి ఎంతో కొంత సాయం అందేది. ఇక ముందు బడి అందరిదీ కావాలి, నిర్బంధం కావాలి, మతబోధకు దూరంగా ఉండాలి, ప్రభుత్వ ధనం ప్రభుత్వ బడికే చెందాలి అన్న ఆలోచన బలపడింది. విక్టోరియాలో 1872లోను, క్వీన్స్‌లాండ్‌లోను దక్షిణ ఆస్ట్రేలియాలోను 1875లోను చట్టాలు వచ్చాయి. న్యూ సౌత్ వేల్స్‌లో హెన్రీ పార్క్స్ ప్రభుత్వం 1880లో చేసిన చట్టం ప్రకారం 1882 చివరితో మతసంస్థల బడులకు సాయం ఆగిపోయింది.

ఈ చట్టాలను దుర్మార్గమని కొట్టిపారేయడం న్యాయం కాదు. శాఖాభేదాలతో ఒకే ఊళ్ళో రెండు మూడు అరకొర బడులు నడుస్తున్న కాలం అది. దిక్కులేని దూరపు పల్లెల పిల్లలకు అక్షరం అందించాలంటే ప్రభుత్వం పూనుకోవలసిందే. ప్రొటెస్టెంటు సంఘాలు చాలావరకు తమ బడులను వదులుకున్నాయి. కతోలికులు వదులుకోలేదు. వారిలో అధికభాగం ఐర్లండు నుంచి వచ్చిన పేదలు, కూలీలు, చిన్న రైతులు. పాలకులు తమ మతాన్ని అణచివేసిన కాలాన్ని, పొదలమాటున పిల్లలకు చదువు చెప్పుకున్న కాలాన్ని మరిచిపోనివారు. న్యూ సౌత్ వేల్స్ బిషప్పులు 1879లో ఉమ్మడిగా ఒక లేఖ వెలువరించి, ప్రభుత్వ బడుల విధానాన్ని తీవ్రంగా ఖండించారు. సిడ్నీ అగ్రపీఠాధిపతి రోజర్ వాన్ ఈ పోరుకు నాయకుడు.

పోరు సరే, 1883లో బడి తెరవడం ఎలా? గోడలున్నాయి, పిల్లలున్నారు, జీతాలకు డబ్బు లేదు. ఆ ఏడాది మొదటి గంట కొట్టినప్పుడు కతోలిక బడి ముందు నిలిచిన ప్రశ్న ఇంతే. దానికి వారు కనుగొన్న జవాబు సన్యాసినులు. ఐర్లండు నుంచి, యూరప్ నుంచి సిస్టర్లను రప్పించారు. దయామాత సిస్టర్లు, ప్రెజెంటేషన్ సిస్టర్లు, డొమినికన్లు, సిడ్నీలోనే 1857లో పుట్టిన గుడ్ సమారిటన్ సిస్టర్లు, మగపిల్లల బడులకు మారిస్ట్ బ్రదర్లు, క్రిస్టియన్ బ్రదర్లు వచ్చి తరగతులు అందుకున్నారు. జీతం తీసుకునే గృహస్థులైన ఉపాధ్యాయులు క్రమంగా తగ్గిపోయారు. సిస్టర్లు సంగీతపాఠాలు చెప్పి సంపాదించిన ఫీజులు, విచారణలోని ఆడవాళ్ళు జాతర్లు పెట్టి పోగుచేసిన చిల్లర, ఆదివారం పళ్ళెంలో పడిన నాణేలు, వీటితో బడి నడిచింది. విచారణ అంటే ఒక గురువు పాలనలో ఉండే చర్చి పరిధి అని ఆ మాట తెలియని వారికోసం చెబుతున్నాను.

చరిత్ర గ్రంథాలు దీనిని త్యాగమంటాయి. నిజమే. అయితే నేను ముప్పై ఏళ్ళకు పైగా నల్లబల్ల ముందు నిలబడినవాణ్ణి. త్యాగమన్న మాట వినగానే నాకు జీతాల పట్టిక గుర్తుకు వస్తుంది. వేలాదిమంది స్త్రీలు జీవితాంతం పాఠాలు చెప్పి, తమ పేర ఒక్క పెన్నీ దాచుకోకుండా వెళ్ళిపోయారు. ఆ పని విలువ ఏ ప్రభుత్వ లెక్కలోను చేరలేదు. చర్చి లెక్కలో కూడా దానికి ధర కట్టినవారు లేరు. కొల్లేని సొమ్ము కాబట్టి అది ఎప్పటికీ తరగదని అందరూ అనుకున్నారు.

రెండో ప్రపంచయుద్ధం తరువాత అది తరగడం మొదలైంది. జననాలు పెరిగాయి. ఇటలీ, పోలండు, మాల్టా, హాలండు దేశాల నుంచి కతోలిక కుటుంబాలు ఓడలు దిగాయి. ఒక్క సిస్టరు ముందు డెబ్బై ఎనభై మంది పిల్లలు కూర్చునే తరగతులు సాధారణమయ్యాయి. మఠాల్లో చేరేవారి సంఖ్య ఆ వేగాన్ని అందుకోలేకపోయింది. బడులు కిక్కిరిసిపోయాయి.

ఇక గోల్‌బర్న్ సంగతి. సిడ్నీకి నైరుతిగా సుమారు 200 కిలోమీటర్ల దూరంలో, అప్పట్లో ఇరవై వేల జనాభా ఉన్న పట్టణమది. ఐర్లండులోని వెస్ట్‌పోర్ట్ నుంచి దయామాత సిస్టర్లు 1859లోనే అక్కడికి వచ్చారు. ఆ పట్టణంలోని అవర్ లేడీ ఆఫ్ మెర్సీ ప్రిపరేటరీ పాఠశాలలో మరో మూడు మరుగుదొడ్లు కట్టించాలని ప్రభుత్వాధికారులు ఆదేశించారు. ఆదేశంలో తప్పు లేదు. పిల్లలకు మరుగుదొడ్లు కావాలి. ఆ మాట మన బడుల స్థితి ఎరిగిన వారెవరికీ వేరే చెప్పనక్కరలేదు. కాని కతోలికుల గుండెల్లో ఎనభై ఏళ్ళుగా ఉన్న నిప్పు దీనితో రాజుకుంది. మేమూ పన్నులు కడుతున్నాం, ఆ పన్నులతో ప్రభుత్వ బడులు నడుస్తున్నాయి, మా బడులకు మాత్రం ఆజ్ఞలే గాని అణా రాదు అన్నది వారి వాదం. సహాయ బిషప్పు జాన్ కల్లినన్ వారికి అండగా నిలిచాడు. సుమారు 700 మంది హాజరైన సభలో విషయం చర్చకు వచ్చింది. బడులన్నీ మూసివేసి పిల్లలను ప్రభుత్వ బడులకు పంపాలని అత్యధికులు చేతులెత్తారు.

1962 జులై 13, శుక్రవారంతో పట్టణంలోని కతోలిక బడులకు తాళాలు పడ్డాయి. జులై 16, సోమవారం. దక్షిణార్ధ గోళంలో అది నడి చలికాలం. దాదాపు వెయ్యిమంది పిల్లలు తమ తమ కతోలిక బడి దుస్తుల్లోనే ప్రభుత్వ బడుల గుమ్మాల ముందు నిలిచి, చేర్చుకోమని అడిగారు. విద్యా సంవత్సరం నడుమ వారికి అది మరో మొదటి రోజు. చట్టం ప్రకారం వారికి ఆ హక్కు ఉంది. అక్కడి ప్రధానోపాధ్యాయులు వారిని మర్యాదగానే లోనికి పిలిచి, పేర్లు రాసుకున్నారు. అయితే 640 మందికి మాత్రమే చోటు దొరికింది. మిగిలినవారికి బల్లలు లేవు, గదులు లేవు, గురువులు లేరు.

గోల్‌బర్న్ ఆ రోజు నేర్పిన పాఠం ఇదీ. ఒక బడి మూతబడితే గాని అది మోస్తున్న బరువెంతో తెలియలేదు. ఎనభై ఏళ్ళుగా ఎవరూ వేయని కూడిక ఆ ఉదయం పిల్లలే గుమ్మంలో నిలబడి వేసి చూపించారు. సిస్టర్ల జీతంలేని శ్రమ ఏనాటికానాడు ప్రభుత్వ ఖజానాకు ఎంత మిగిల్చిందో దేశమంతా పత్రికల్లో చదివింది.

సమ్మె వారం రోజులే సాగింది. చేతికి రూపాయి హామీ కూడా రాలేదు. మళ్ళీ సభ జరిగింది, మళ్ళీ బడులు తెరిచారు, పిల్లలు తమ సిస్టర్ల దగ్గరికి వెళ్ళారు. పైకి చూస్తే ఓటమి. చిన్నపిల్లలను రాజకీయపు ఎత్తులో పావులు చేశారన్న నింద కూడా మోయవలసి వచ్చింది. ఆ నిందను తేలికగా తీసివేయలేం. పిల్లవాడికి ఆ వారం పోయిన పాఠం ఏ ఉద్యమమూ తిరిగి ఇవ్వదు. కాని పదహారు నెలలు తిరగకుండానే, 1963 నవంబరు ఎన్నికల్లో ప్రధాని రాబర్ట్ మెంజీస్ అన్ని రకాల ఉన్నత పాఠశాలలకు విజ్ఞానశాస్త్ర ప్రయోగశాలలు కట్టిస్తానని ప్రకటించాడు. ఆయన స్వయంగా ప్రెస్బిటేరియన్. గెలిచాడు. 1964లో చట్టం వచ్చింది. 1969లో చేసిన మరో చట్టం ప్రైవేటు ప్రాథమిక పాఠశాల విద్యార్థి ఒక్కొక్కరికి ఏటా 35 డాలర్లు, ఉన్నత పాఠశాల విద్యార్థికి 50 డాలర్లు కేటాయించింది. 1973లో కార్మెల్ సంఘం నివేదిక వచ్చింది. బడి ఎవరిదన్న ప్రశ్న కంటె బడికి అవసరమెంత అన్న ప్రశ్న ముఖ్యమని అది చెప్పింది. ఇదంతా రాజ్యాంగ విరుద్ధమని కొందరు కోర్టుకు వెళ్ళారు. 1981లో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానం ఆరుగురు ఒకవైపు, ఒకరు మరొకవైపుగా ఆ వాదాన్ని తోసిపుచ్చింది.

డబ్బు వచ్చింది, దానితో కొత్త తగవులు కూడా వచ్చాయి. పేద విచారణ బడి పేరు చెప్పి తెరిచిన తలుపులోంచి ఈతకొలనులున్న సంపన్నుల బడులు కూడా సాయం అందుకున్నాయని, ప్రభుత్వ బడి వెనుకబడిపోయిందని నేటికీ అక్కడ వాదోపవాదాలు సాగుతున్నాయి. ఆ వాదంలో సత్యముంది. మరోవైపు, ఈనాడు ఆ దేశపు విద్యార్థుల్లో అయిదింట ఒక వంతు కతోలిక బడుల్లోనే ఉన్నారు. అక్కడ స్థిరపడిన మన తెలుగు కుటుంబాల పిల్లలూ వారిలో ఉన్నారు. ఆ బడుల్లో ఇప్పుడు సిస్టర్లు దాదాపు కనబడరు. జీతం తీసుకునే మామూలు ఉపాధ్యాయులే బోధిస్తున్నారు.

ఈ కథ మనకు పరాయిది కాదు. భారతదేశంలో ప్రైవేటు బడులకు, మిషన్ బడులతో సహా, ప్రభుత్వ గ్రాంటు ఇవ్వాలన్న విధానం 1854 నాటి ఛార్లెస్ వుడ్ ఉత్తర్వుతో మొదలైంది. ఆస్ట్రేలియాలో సాయం తీసివేసిన కాలంలో ఇక్కడ అదే సాయంతో బడులు వెలిశాయి. గుంటూరు, కృష్ణా జిల్లాల పల్లెల్లో ఆర్.సి.ఎం. పాఠశాల అన్న బోర్డు ఎరుగనివారు తక్కువ. పెద్దబడి గడప తొక్కనివ్వని రోజుల్లో ఎందరో దళితబిడ్డలు అక్షరాలు దిద్దుకున్నది అటువంటి మిషన్ బడుల్లోనే. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎయిడెడ్ ఉపాధ్యాయులను తన అధీనంలోకి తీసుకునే ప్రయత్నం చేసినప్పుడు తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చారు. తరువాత సంస్థలకు వెనక్కి తగ్గే వెసులుబాటు కల్పించారు. ఎయిడెడ్ బడి ఒకటి పక్కవీధిలో ఉందన్న సంగతి ఆ గొడవతోనే తెలిసినవారు ఎందరో.

ఆస్ట్రేలియాలో మళ్ళీ జనవరి వస్తుంది, ఇక్కడ జూన్ వస్తుంది. గంట మోగుతుంది. ఆ గంట వెనుక ఎవరి చెమట ఉందో, ఎవరి జీతం ఎగవేతకు గురవుతోందో, ఏ గదికి కప్పు కారుతోందో బడి నడుస్తున్నప్పుడే అడిగి తెలుసుకోవడం పౌరుల ధర్మం. తాళం పడేదాకా ఆగితే ఆ లెక్క చెప్పవలసిన భారం మళ్ళీ గుమ్మంలో నిలబడిన పసిపిల్లల మీదే పడుతుంది.